ఒకే కారు, రెండు ఇంజన్లు: పాత స్విఫ్ట్‌లో పెట్రోలా, డీజిలా?

మా మేనల్లుడు ఖమ్మంలో ఉంటాడు. రోజూ తాను పనిచేసే బడికి వెళ్లడానికి 30 కిలోమీటర్లు, తిరిగి రావడానికి 30 కిలోమీటర్లు ప్రయాణం. బైకు మీద ఎండకూ వానకూ ఓర్చుకున్నాడు కానీ, ఇంట్లోకి పాప వచ్చాక కారు కొనక తప్పలేదు. నెల రోజులు వెతికి చివరకు రెండు కార్ల దగ్గర ఆగాడు. రెండూ మారుతీ సుజుకీ స్విఫ్ట్‌లే, రెండూ 2014 మోడలే, రెండూ తెలుపే. ఒకటి పెట్రోలు, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండోది డీజిల్, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంత తిరిగిన డీజిల్ కారుకే దాని యజమాని 40 వేలు ఎక్కువ అడుగుతున్నాడు. "ఇందులో లెక్క ఎక్కడో తప్పినట్టుంది మామయ్యా, సగం తిరిగిన బండి చవకగా వస్తుంటే రెట్టింపు తిరిగినదానికి ఎక్కువ ఎందుకు పెట్టాలి?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. పాత వాహనాలను పోల్చేటప్పుడు మనం చూసే అంకెలు, అంటే సీసీ (ఇంజన్ పరిమాణం), హార్స్‌పవర్, మైలేజీ, తిరిగిన కిలోమీటర్లు, ఏవీ అబద్ధాలు కావు. అయితే అవి మనం అడిగే ప్రశ్నకు కాక వేరే ప్రశ్నకు జవాబు చెబుతుంటాయి. ఏ అంకె దేనికి జవాబో తేల్చుకోవడానికి ఈ రెండు కార్ల కంటే మంచి ఉదాహరణ దొరకదు, ఎందుకంటే వీటి మధ్య ఇంజన్ తప్ప పెద్దగా తేడా లేదు.

ఈ రెండో తరం స్విఫ్ట్ మన దేశంలో 2011 ఆగస్టులో విడుదలైంది. 2014 చివర్లో దానికి చిన్న చిన్న మార్పులు చేశారు. ఇక్కడ చెప్పే అంకెలన్నీ ఆ మార్పులకు ముందున్న కార్లవి. పొడవు 3850 మిల్లీమీటర్లు, ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 2430, ట్యాంకులో పట్టే ఇంధనం 42 లీటర్లు, గేర్లు అయిదు. ఈ వివరాలన్నీ రెండింటికీ ఒకటే కాబట్టి వీటిని పక్కన పెట్టవచ్చు. పెట్రోలు కారులో ఉన్నది సుజుకీ కె సిరీస్‌కు చెందిన 1197 సీసీ ఇంజన్. 6000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 87 హార్స్‌పవర్, 4000 దగ్గర 114 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. డీజిల్ కారులో ఉన్నది ఫియట్ రూపొందించగా మారుతీ కోసం హర్యానాలోని మానేసర్‌లో తయారైన 1248 సీసీ టర్బో ఇంజన్. 4000 ఆర్‌పీఎం దగ్గర 75 హార్స్‌పవర్, 2000 దగ్గర 190 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఇదే మూల ఇంజన్‌ను ఫియట్ పుంటో, టాటా ఇండికా విస్టా మొదలుకొని అనేక కార్లలో పెట్టారు కనుక, దీని పని తెలిసిన మెకానిక్ ఇవాళ ఏ జిల్లా కేంద్రంలోనైనా దొరుకుతాడు. పాత బండి కొనేవాడికి ఇది చిన్న సంగతి కాదు.

కాగితం మీద చూస్తే 87 పెద్దది, 75 చిన్నది, అందువల్ల పెట్రోలు కారే బలమైనదని అనిపిస్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. మరి డీజిల్ స్విఫ్ట్ నడిపిన ప్రతివాడూ దాని లాగుడే వేరని ఎందుకంటాడు? దీనికి జవాబు దొరకాలంటే ఆ రెండు అంకెల పక్కనున్న ఆర్‌పీఎంను కూడా చదవాలి.

టార్క్ అంటే ఇంజన్ ఇరుసును మెలితిప్పే బలం. ఆ బలంతో నిమిషానికి ఎన్నిసార్లు తిప్పగలుగుతోంది అన్నదాన్ని కలిపి గుణిస్తే వచ్చేదే హార్స్‌పవర్. బావి దగ్గర గిలక తిప్పే మనిషిని ఊహించుకోండి. పెద్ద బకెట్‌ను నెమ్మదిగా లాగేవాడూ, చిన్న బకెట్‌ను చకచకా లాగేవాడూ గంట తర్వాత ఒకే తొట్టి నింపవచ్చు. అయితే దాహంతో వచ్చినవాడికి మొదటి నిమిషంలో ఎంత నీరు అందింది అన్నదే ముఖ్యం. కారు కూడా అంతే, గరిష్ఠంగా ఎంత శక్తి ఇస్తుందన్నది కాక, మనం రోజూ తిప్పే ఆర్‌పీఎం దగ్గర ఎంత ఇస్తుందన్నది చూడాలి.

లెక్క కష్టమేమీ కాదు. న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి, దాన్ని 1.36తో గుణిస్తే హార్స్‌పవర్ వస్తుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర డీజిల్ ఇంజన్ ఇచ్చే 190 న్యూటన్ మీటర్లను ఇలా మారిస్తే 54 హార్స్‌పవర్ అవుతుంది. పెట్రోలు ఇంజన్‌కు తన గరిష్ఠ టార్క్ 114 మొత్తం 2000 దగ్గరే అందుతుందని ఉదారంగా ఒప్పుకున్నా, నిజానికి అంత అందకపోయినా, 33 హార్స్‌పవర్‌కు మించదు. 4000 దగ్గరకు వస్తే పెట్రోలుది 65కు చేరుతుంది, డీజిల్‌ది 75. ఆ తర్వాత డీజిల్ ఊపిరి తగ్గిపోతుంది, పెట్రోలు మాత్రం 6000 దాకా ఎగబాకి తన 87ను అందుకుంటుంది. అంటే పెట్రోలు కారు గెలిచేది 4000 పైన మాత్రమే. నలుగురు మనుషులతో, ఏసీ వేసుకుని, ముందున్న లారీని దాటుదామనుకునే సగటు కుటుంబీకుడు ఇంజన్‌ను 5000 దాకా అరిపించడానికి ఇష్టపడడు. ఆ 87 హార్స్‌పవర్‌కు అతను డబ్బు కట్టాడు గానీ, ఏడాదిలో ఒక గంట కూడా వాడుకోడు.

అయితే ఇంతటితో డీజిల్‌ను గెలిపిస్తే అన్యాయం చేసినట్టే. డీజిల్ కారు పెట్రోలు కారు కంటే రమారమి 100 కిలోలు బరువు ఎక్కువ, ఆ బరువులో సింహభాగం ముందు చక్రాల మీదే పడుతుంది. పైగా డీజిల్ ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎం తిరగలేదు గనుక దానికి గేర్లను పొడవుగా అమరుస్తారు. అంటే ఇంజన్ ఒక చుట్టు తిరిగేసరికి చక్రం పెట్రోలు కారులో కంటే ఎక్కువ దూరం పోతుంది. అందువల్ల ఇంజన్ దగ్గర 190, 114 మధ్య కనిపించిన అంత పెద్ద తేడా చక్రం దగ్గరకు వచ్చేసరికి కొంత తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ 190 మొత్తం టర్బో దయ, అంటే బయటికి పోయే పొగ బలంతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే చిన్న ఫ్యాను దయ. టర్బో తిరగడానికి కావలసినంత పొగ ఇంజన్ నుంచి రావాలి, అది రమారమి 1800 ఆర్‌పీఎం దాటాకే వస్తుంది. ఆ లోపల డీజిల్ స్విఫ్ట్ ఒక చిన్న, బరువైన, ఆయాసపడే బండి.

ఇది పుస్తకాల్లో కాక ఘాట్ రోడ్డులో తెలుస్తుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కేటప్పుడు మలుపు దగ్గర ఎదురుగా బస్సు వస్తే మనం 15 కిలోమీటర్ల వేగానికి తగ్గుతాం. మలుపు తిరిగాక రెండో గేర్లోనే యాక్సిలరేటర్ తొక్కితే డీజిల్ కారు ఒకటి రెండు క్షణాలు ఏమీ పట్టనట్టు ఉండి, గుర్రుమని శబ్దం చేసి, ఉన్నట్టుండి ముందుకు దూకుతుంది. అలవాటు లేనివాడు ఆ రెండు క్షణాల్లో కంగారుపడి క్లచ్‌ను సగం తొక్కి ఇంజన్‌ను రేపుతాడు, అలా పది మలుపులు తిరిగేసరికి క్లచ్ ప్లేటు కాలిన వాసన వస్తుంది. తెలిసినవాడు మలుపుకు ముందే మొదటి గేరుకు దిగుతాడు. పెట్రోలు కారుకు ఈ పేచీ లేదు. తొక్కినంత మేరకు, తొక్కిన వెంటనే, నెమ్మదిగానే అయినా నమ్మకంగా లాగుతుంది. ఖమ్మం బజారులో ఆటోల మధ్య, స్పీడ్ బ్రేకర్ల మీద, పెట్రోలు కారు డ్రైవర్ ఎడమ కాలుకూ చేతికీ పని తక్కువ. పట్టణం దాటి ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 50 నుంచి 80కి వెళ్లాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ సుఖం డీజిల్ వైపు మారిపోతుంది. గేరు మార్చకుండానే లారీని దాటేయవచ్చు. రెండిట్లో ఏది మెరుగన్నది బండి ఒక్కటే తేల్చే ప్రశ్న కాదు, రోడ్డుతో కలిపి తేల్చుకోవాలి.

మైలేజీ అంకెకు వద్దాం. ఈ కార్లకు పెట్రోలులో లీటరుకు 18.6 కిలోమీటర్లు, డీజిల్‌లో 22.9 కిలోమీటర్లు అని ప్రకటించారు. పుణెలో వాహనాలను పరీక్షించే ఏఆర్‌ఏఐ సంస్థ పరీక్షలో వచ్చిన అంకెలివి. ఆ పరీక్ష రోడ్డు మీద జరగదు. కారును రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణీత క్రమంలో వేగం పెంచుతూ తగ్గిస్తూ, గంటకు 90 కిలోమీటర్లు దాటకుండా నడిపి కొలుస్తారు. దుమ్ము, గుంత, ఏసీ, వెనుక సీటులో ముగ్గురు, ఇవేవీ అందులో ఉండవు. రెండు కార్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది, నెల ఖర్చు వేసుకోవడానికి పనికిరాదు. పదేళ్లు దాటిన బండి, మిశ్రమ ప్రయాణం అనుకుంటే పెట్రోలు స్విఫ్ట్‌కు 15, డీజిల్‌కు 20 అని పెట్టుకోవడం నా పద్ధతి. కాస్త ఎక్కువ వస్తే సంతోషం, ఇంట్లో బడ్జెట్ మాత్రం తలకిందులు కాదు.

పెట్రోలు విషయంలో ఇప్పుడు మరో సంగతి కలిసింది. బంకుల్లో ఇవాళ మనకు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఇంధనం. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కంటే సుమారు మూడో వంతు తక్కువ, కాబట్టి అయిదో వంతు ఇథనాల్ కలిసిన లీటరులో శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. ఈ మిశ్రమానికి తట్టుకునే భాగాలతో కార్లు తయారుకావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. 2014 నాటి కారులోని రబ్బరు పైపులనూ, సీళ్లనూ దీన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేయలేదు. భయపడి కారు కొనడం మానేయాల్సిన పని లేదు గానీ, పాత పెట్రోలు కారు కొనేటప్పుడు ఇంధనం పైపులు పగుళ్లు బారాయేమో, బానెట్ తెరిస్తే పెట్రోలు వాసన వస్తోందేమో చూసుకోవాలి. మైలేజీ లెక్కలో ఒక కిలోమీటరు ముందే తగ్గించుకోవాలి. నేను 16 అనకుండా 15 అనడానికి కారణం అదే.

ఇప్పుడు డబ్బు లెక్క. డీజిల్ కార్ల మీద జనం ఎగబడిన కాలం గుర్తుందా? 2012 మే నెలలో ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయల 18 పైసలు, డీజిల్ 40 రూపాయల 91 పైసలు. పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణను 2010 జూన్‌లోనే ఎత్తేశారు, డీజిల్‌కు మాత్రం 2014 అక్టోబరు దాకా కొనసాగింది. పైన చెప్పిన 15, 20 మైలేజీలతో చూస్తే అప్పట్లో పెట్రోలు కారుకు రూపాయి ఖర్చయ్యే దూరాన్ని డీజిల్ కారు 42 పైసలకే తిరిగేది. ఇవాళ లెక్క సులువుగా ఉండడానికి పెట్రోలు 107, డీజిల్ 96 రూపాయలనుకుంటే, కిలోమీటరుకు పెట్రోలు కారుకు 7 రూపాయల 13 పైసలు, డీజిల్‌కు 4 రూపాయల 80 పైసలు అవుతుంది. అంటే రూపాయికి 67 పైసలు. డీజిల్‌కు లాభం ఇంకా ఉంది, కానీ ఆనాటి లాభం కాదు. మన పెద్దవాళ్లలో చాలామంది "డీజిలయితే దండిగా మిగులుతుంది" అనేది 2012 నాటి అనుభవంతో. వాళ్ల మాట తప్పు కాదు, ఆ ధరలే ఇప్పుడు లేవు.

కిలోమీటరుకు 2 రూపాయల 33 పైసలు మిగులుతుందన్నమాట. నెలకు 600 కిలోమీటర్లు తిరిగేవాడికి ఏడాదికి 17 వేలు కూడా మిగలదు. డీజిల్ ఇంజన్‌కు ఒక్క పెద్ద రిపేరు వచ్చిందంటే మూడు నాలుగేళ్ల మిగులు అందులో పోతుంది. అటువంటివాడికి నేను డీజిల్ వద్దనే చెబుతాను, ఎంత చవకగా వచ్చినా సరే. మా మేనల్లుడి సంగతి వేరు. రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 24 రోజులు లెక్కవేస్తే ఏడాదికి 17,280 కిలోమీటర్లు, మిగులు 40 వేల పైచిలుకు. యజమాని ఎక్కువ అడుగుతున్న 40 వేలు ఒక్క ఏడాదిలో తీరిపోతుంది. ఆ తర్వాత మిగిలేది రిపేర్ల బీమా అనుకోవాలి, జేబులో వేసుకునే సొమ్ము అనుకోకూడదు.

రిపేర్ల మాట వచ్చింది కాబట్టి డీజిల్ ఇంజన్ లోపలికి ఒకసారి చూద్దాం, ఎందుకంటే రెండు కార్ల మధ్య అసలు తేడా అక్కడుంది. పెట్రోలు కారులో ఇంధనాన్ని కొద్దిపాటి ఒత్తిడితో గాలి పోయే దారిలోకి చిమ్మి, స్పార్క్ ప్లగ్‌తో అంటిస్తారు. డీజిల్‌కు ప్లగ్ మంట ఉండదు, గాలిని విపరీతంగా నొక్కి వేడెక్కించి అందులోకి డీజిల్‌ను చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. అంత నొక్కుడులోకి డీజిల్ పొగమంచులా దూరాలంటే దాని వెనుక 1600 బార్ దాకా ఒత్తిడి కావాలి. మన కారు టైరులో ఉండే గాలి రెండు బార్ల పైచిలుకు మాత్రమే అని గుర్తు చేసుకుంటే ఆ ఒత్తిడి ఎంతటిదో అర్థమవుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకుంటూ, వెంట్రుకంత రంధ్రాల గుండా, ఒక్కో పేలుడుకు అనేక విడతలుగా డీజిల్‌ను చిమ్మే నాలుగు ఇంజెక్టర్లు ఈ ఇంజన్‌కు ప్రాణం. కల్తీ డీజిల్, నీళ్లు కలిసిన డీజిల్, సమయానికి మార్చని ఫిల్టరు, ఈ మూడూ వాటికి శత్రువులు. ఒక్కో ఇంజెక్టర్ ఖర్చు వేలల్లో ఉంటుంది. టర్బో ఇరుసు తిరిగే వేగం నిమిషానికి లక్షకు పైగా ఉంటుంది, దాన్ని మోసేది పలచటి నూనె పొర ఒక్కటే. ఆయిల్ మార్చడంలో బద్ధకించిన యజమాని బండిలో మొదట దెబ్బతినేది ఆ టర్బోనే. వీటికి తోడు 190 న్యూటన్ మీటర్లను మోసే క్లచ్, ముందు బరువును మోసే లోయర్ ఆర్మ్ బుష్‌లు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీల రబ్బరు భాగాలు) కూడా పెట్రోలు కారులో కంటే త్వరగా అరుగుతాయి. రెండు ఇంజన్లలోనూ టైమింగ్ బెల్టు కాక చైను ఉండడం మాత్రం ఇద్దరికీ ఊరట. ఫలానా కిలోమీటర్లకు బెల్టు మార్చాలన్న బాధ లేదు, మంచి ఆయిల్ పోస్తే చాలు.

ఇక మా మేనల్లుడు మొదట అడిగిన ప్రశ్న, 62 వేలకూ 1,38,000కూ తేడా. ఓడోమీటరు చూపేది దూరం. ఇంజన్‌ను అరగదీసేది దూరం ఒక్కటే కాదు, అది తిరిగిన గంటలు కూడా. పెట్రోలు కారు హైదరాబాదులో ఒకరి దగ్గర ఉండేది, ఇంటి నుంచి ఆఫీసుకు ట్రాఫిక్‌లో సగటున గంటకు 20 కిలోమీటర్లు నడిచి ఉంటుంది అనుకుందాం. 62 వేలను 20తో భాగిస్తే 3100 గంటలు. డీజిల్ కారు యజమాని ఎరువుల కంపెనీ ప్రతినిధి, రోజూ జిల్లాలు తిరిగేవాడు. సగటున గంటకు 50 అనుకుంటే 1,38,000 కిలోమీటర్లకు 2760 గంటలు. రెట్టింపు తిరిగిన బండి ఇంజన్ నిజానికి తక్కువ గంటలు పనిచేసింది! ఆ గంటల్లోనూ క్లచ్ తొక్కిన లెక్క, బ్రేకు వేసిన లెక్క, చల్లటి ఇంజన్‌ను స్టార్టు చేసిన లెక్క పట్నం కారుకే ఎక్కువ. సగటు వేగాలు నేను వేసుకున్న అంచనాలే, ఖచ్చితమైన కొలతలు కావు. అయినా ఆ దిశలో ఒక్కసారి ఆలోచిస్తే, మీటరు మీది అంకెకు మనం ఇచ్చే విలువ సగానికి తగ్గుతుంది. టైర్లు, సస్పెన్షన్, వీల్ బేరింగులు మాత్రం దూరాన్ని బట్టే అరుగుతాయి. వాటి ఖర్చు డీజిల్ కారు ఖాతాలోనే పడుతుంది.

మీటరు వెనక్కి తిప్పారేమో అన్న అనుమానం ఎప్పుడూ ఉండాల్సిందే. డిజిటల్ మీటరును తిప్పడం కష్టమేమీ కాదు. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగు మీద బొటనవేళ్లు ఆనే చోటు, డ్రైవరు సీటుకు కుడివైపు అంచు, ఈ మూడూ నలభై వేల మీటరుకు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ మీటరును నమ్మనక్కరలేదు. వీటన్నిటికంటే గట్టి సాక్ష్యం సర్వీసు బిల్లులు. ప్రతి బిల్లు మీదా తేదీ, ఆనాటి కిలోమీటర్లు ఉంటాయి. వరుసగా పేర్చి చూస్తే ఒకచోట అంకె వెనక్కి వెళ్లిందో లేదో ఇట్టే బయటపడుతుంది.

ఇంజన్ తేడాల హోరులో జనం మరిచిపోయే స్పెసిఫికేషన్ ఒకటుంది, భద్రత. 2014 నవంబరులో, కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్మిన, ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌ను గుద్ది పరీక్షించినప్పుడు పెద్దల రక్షణలో దానికి సున్నా స్టార్లు వచ్చాయి. అప్పట్లో ఎయిర్‌బ్యాగులు జెడ్ అక్షరంతో మొదలయ్యే ఖరీదైన వేరియంట్లలోనే దొరికేవి. ఒకే ధరకు ఎయిర్‌బ్యాగులున్న కారు, లేని కారు కళ్లముందు ఉంటే, మైలేజీ లెక్కలన్నీ పక్కనపెట్టి ఉన్నదాన్నే కొనమని నేను గట్టిగా చెబుతాను. పసిపిల్లను వెనుక సీటులో కూర్చోబెట్టి తీసుకెళ్లే ఇంట్లో హార్స్‌పవర్ తేడా కంటే ఈ తేడా పెద్దది. మేము చూసిన రెండింటిలో డీజిల్ కారు జెడ్ వేరియంట్, పెట్రోలుది కాదు. బేరం సగం అక్కడే తేలిపోయింది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి ఈ 2014 కార్లకు 2029 దాకా గడువుంది, ఆ తర్వాత తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025లో ఆ కోర్టే దాని అమలును కొంత సడలించింది. ఆ నియమం మన రెండు రాష్ట్రాలకు వర్తించదు. అయితే దాని ఫలితం మన దగ్గరా కనిపిస్తుంది. అక్కడి పాత డీజిల్ కార్లు చవకగా ఇక్కడికి వచ్చి అమ్ముడవుతుంటాయి. అటువంటి కారుకు అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, రీ-రిజిస్ట్రేషన్ ఖర్చు కలుపుకుంటే ఆ చవక ఎంతవరకు నిలుస్తుందో ముందే లెక్కవేసుకోవాలి. ఆర్సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే అప్పు తీరినట్టు కాగితం, దానితోపాటు ఆర్సీ నుంచి ఆ పేరు తీసేయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా అడ్వాన్సు మించి పైసా ఇవ్వకూడదు.

ఇంకో హెచ్చరిక మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో, ఎన్నో కార్లు నీట మునిగాయి. వాటిలో కొన్ని కడిగి, తుడిచి, సెంటు కొట్టి మళ్లీ అమ్మకానికి వచ్చి ఉంటాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగితే ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు మీద బురద చార కనిపిస్తుంది. సీటు కింద ఇనుప పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద సన్నటి ఒండ్రు ఉంటాయి. మునిగిన డీజిల్ కారు పెట్రోలు కంటే ప్రమాదం, ఎందుకంటే నొక్కుడు ఎక్కువున్న ఇంజన్‌లోకి నీరు పోయి ఉండగా స్టార్టు చేస్తే, నీరు నలగదు గనుక లోపలి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల బండ్లకు కింద తుప్పు చూడనిదే బేరం మొదలుపెట్టకూడదు.

మేము రెండు కార్లనూ తెల్లవారుజామునే చూశాం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తేనే నిజం తెలుస్తుందని, మేము వచ్చేదాకా ఇంజన్ వేడి చేయవద్దని ముందురోజే యజమానులకు చెప్పాం. పెట్రోలు కారు బానెట్ మీద చేయి పెడితే వెచ్చగా తగిలింది. "పాలప్యాకెట్ల కోసం వెళ్లొచ్చానండీ" అన్నాడు యజమాని. అది నిజమే కావచ్చు. అయినా ఆ కారుకు చలి స్టార్టు చూసే అవకాశం పోయింది, ముందు ఎడమ ఫెండర్ బోల్టుల మీద స్పానర్ గీతలు కూడా ఉన్నాయి, గుద్దిన ఆనవాలు దాచి పెయింట్ వేసినట్టు నాకు అనిపించింది.

డీజిల్ కారు మంచులా చల్లగా ఉంది. తాళం తిప్పి, డ్యాష్‌బోర్డు మీద స్ప్రింగు గుర్తు (చల్లటి ఇంజన్‌ను ముందుగా వేడి చేస్తున్నట్టు చూపే దీపం) ఆరేదాకా ఆగి స్టార్టు చేస్తే ఒక్క పట్టులో అందుకుంది. మెకానిక్ ఆయిల్ మూత తీసి తిరగేసి దాని బెజ్జం మీదే వదులుగా పెట్టాడు. లోపలి పిస్టన్ రింగులు అరిగితే ఆ మూత ఎగిరెగిరి పడుతుంది, దాన్నే మనవాళ్లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. మూత సన్నగా వణికింది తప్ప లేవలేదు. పొగ తెల్లగానూ లేదు, నీలంగానూ లేదు, గట్టిగా రేపినప్పుడు మాత్రం ఒక నల్లటి గుప్పు వచ్చి ఆగింది. అన్నిటికంటే నన్ను ఒప్పించింది ఆ ప్రతినిధి ఇచ్చిన కవరు. క్లచ్ సెట్టు 96 వేల దగ్గర, టర్బో 1,12,000 దగ్గర మార్చిన బిల్లులు, డీజిల్ ఫిల్టరు మార్చిన బిల్లులు వరుసగా ఉన్నాయి. మేము భయపడుతున్న ఖర్చుల్లో రెండింటిని అతను అప్పటికే పెట్టేశాడు. 40 వేలు ఎక్కువ అడగడం వెనుక లెక్క అదే, అది తప్పిన లెక్క కాదని మా మేనల్లుడికి అప్పుడు అర్థమైంది.

ఇంజెక్టర్ల చరిత్ర మాత్రం ఆ కవరులో లేదు. అందుకని బేరంలో పన్నెండు వేలు తగ్గించి, ఆ సొమ్మును ఇంజెక్టర్ల కోసమే విడిగా ఉంచమని చెప్పాను. కారు ఇంటికి వచ్చిన మర్నాడు షెడ్డులో ఫిల్టరు అడుగున ఉండే చిన్న మరను వదులు చేసి, దాని కింద స్టీలు గ్లాసు పట్టాం. మొదట గ్లాసు అడుగున అరచెంచాడు నీరు చేరింది, ఆ వెనకాలే తేనె రంగులో డీజిల్ వచ్చింది. మెకానిక్ మర బిగించి, "నెలకోసారి ఇట్లా వదలండి సార్, మిగతాది ఇంజనే చూసుకుంటుంది" అని గ్లాసు తీసి పక్కన పెట్టాడు.